ఎడమచేతి ఒరవడి

...అయినా ఏడుగురికీ ఎడమ చెయ్యే ఎందుకు జారాలి? ఎడమ చేతిలో పట్టు తక్కువ, అది నిజమే, కాని ఆ ఏడుగురిలో ఇద్దరు ఎడమచేతి వాటం వాళ్ళు. విచారణ కమిటీ ఆ సంగతి గమనించలేదు. చేతి తొడుగులు నాసిరకానివని రాసి, సంతకాలు పెట్టి, టీ తాగి వెళ్ళిపోయింది. తొడుగులు రెండు చేతులకీ ఒకటే రకం కదా అని కమిటీలో ఒక్కరూ అడగలేదు. అడగనందుకు తన గుండె తేలికపడింది. తేలికపడినందుకు వెంటనే అసహ్యం వేసింది. ఆ అసహ్యమైనా నిజమైనదేనా, లేక తనకి తాను చూపించుకోవడానికి తెచ్చిపెట్టుకున్నదా...

జగన్నాయకులు ఏడో నివేదికని మూసి, మళ్ళీ తెరిచాడు.

కిటికీలోంచి శిక్షణ కొలను కనిపిస్తోంది. నాగావళి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, సరుగుడు తోటల మధ్య ఈ విపత్తు శిక్షణ కేంద్రం కట్టి పదేళ్ళయింది. మొదటి రోజు నుంచీ అతనే ప్రిన్సిపాల్. వరదలోకి, తుపానులోకి, కూలిన మేడల కిందికి వెళ్ళవలసిన మనుషుల్ని తయారుచేసి జిల్లాలకి పంపడం అతని పని. గత నాలుగేళ్ళలో ఆరువందల పన్నెండు మందిని పంపాడు. కొత్త బ్యాచి నూట ఇరవై మంది నారింజ రంగు చొక్కాలతో కొలను ఒడ్డున వరసగా కూర్చుని ముడులు వెయ్యడం నేర్చుకుంటున్నారు. ఎవడో ముడి వెయ్యబోయి తన బొటనవేలినే కట్టేసుకున్నట్టున్నాడు, పక్కవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. రేపు పదింటికి వాళ్ళంతా ఒరవడి కుర్చీల్లో కూర్చోవాలి. కూర్చోబెట్టమని అతను సంతకం చెయ్యాలి.

ఏడు నివేదికల్లోనూ చివరి వరస ఒక్కటే. ‘పట్టింది ఇద్దర్ని. తెచ్చింది ఒక్కర్ని.’

కేంద్రంలో దాన్ని ఒడ్డు మాట అంటారు. వరదలో దిగే మనిషి నడుముకి తాడు ఉంటుంది. ఒడ్డున ఆ తాడు పట్టుకుని ఇంకొకరు నిలబడతారు. నీళ్ళలోంచి బయటికి వచ్చాక, నడుము ముడి విప్పకముందే, తాడు పట్టినవాడు రెండు ప్రశ్నలు అడుగుతాడు. పట్టినవాళ్ళెందరు? తెచ్చినవాళ్ళెందరు? దిగినవాడు జవాబు చెప్పాలి. రొప్పుతున్నా, ఏడుస్తున్నా చెప్పాలి. చెప్పాకే ముడి విప్పుతారు. ఇది కేంద్రంలో తాళ్ళ కొట్టు చూసే ఎర్రన్న వాళ్ళ పేటలో తాతల నాటి పద్ధతి. దాన్ని తెచ్చి శిక్షణ పుస్తకంలో మొదటి నియమంగా రాసినవాడు జగన్నాయకులే. ఎందుకు రాశాడో అప్పట్లో తనకే సరిగ్గా తెలియదు. ఇంకొకళ్ళ ఇల్లు దోచినవాడు తన ఇంటికి పెద్ద తాళం కొనుక్కున్నట్టుగా ఏదో ఒక ఆత్రం.

ఏడుగురూ నిజమే చెప్పారు. తను నేర్పిన నియమం ప్రకారం, ఒక్కరు కూడా తప్పించుకోకుండా.

తలుపు మీద ఎవరో తట్టారు.

“రావచ్చా సార్?”

బమ్మిడి రోహిణి. ఒరవడి వచ్చాక మూడో బ్యాచి పిల్ల, ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఏడో నివేదిక ఆమెదే. యూనిఫాం వేసుకోలేదు. ఎడమ చేతిని చున్నీలో చుట్టి పొట్టకి ఆనించుకుని ఉంది.

“చేతికి దెబ్బ తగిలిందా అమ్మా?”

“లేదు సార్. నాకు కనపడకుండా పెట్టుకుంటన్నాను.” కుడి చేత్తో ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. “రాజీనామా సార్. పోస్టులో కాదు, చేత్తో ఇచ్చీసి రా అంది మా అమ్మ. ఏ చేత్తో ఇవ్వమంటావు అన్నాను.” నవ్వబోయింది. నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది.

“కూర్చో. కమిటీ తొడుగు జారిందని రాసింది. నీ తప్పేమీ లేదంది. చూశావా?”

“తొడుగేటి సార్? ఆ పొద్దు నాను తొడుగు తీసీసేను. తడిసి బరువెక్కిపోనాదని. కమిటీవోళ్ళకి చెప్పేను కూడాను. ఆళ్ళు రాసుకోలేదు.”

జగన్నాయకులు కమిటీ కాగితాన్ని నివేదిక కిందికి తోశాడు.

“జారలేదు సార్. వదిలీసింది. నా చెయ్యే వదిలీసింది. కుడి చేత్తో ముసలాయన్ని పట్టుకున్నాను, ఎడం చేత్తో ఆయన మనవరాల్ని. తొమ్మిదో తరగతి చదువుతోంది. నీళ్ళొచ్చి రొమ్ము మీద కొట్టినాయి. అంతే. వదిలీమని నాను అనుకోలేదు సార్, దేవుడి తోడు. అనుకోకుండానే వేళ్ళు విచ్చుకుపోనాయి. ఆ పిల్ల నా మొకంలోకి చూసింది.” చున్నీని చేతికి ఇంకో చుట్టు తిప్పింది. “ఆ తాతగారు రోజూ ఫోన్ చేస్తారు. తిట్టరు సార్. తిన్నావా తల్లీ అని అడుగుతారు.”

కిటికీ బయట మళ్ళీ నవ్వులు.

“ఒక్క మాట అడుగుతాను సార్. మీరిన్నేళ్ళు ఎంతమందినో చూసినారు. కొందరికి పుట్టుకతోనే లోపలేదో చెడ్డగుణం ఉంటాది కదా? అన్నాళ్ళూ తెలీదు. ఆపద వచ్చినప్పుడు బయటపడతాది. నాకది ఉందా సార్?”

ఆమెకి మిగిలిన ఆరుగురి సంగతి తెలియదు. ఒకరిది పార్వతీపురం, ఒకరిది ఇచ్ఛాపురం, ఒకరు గోదావరి అవతల. నివేదికలు వచ్చేది ఈ బల్ల మీదికే. ఏడుగురూ ఏడు ఊళ్ళలో కూర్చుని, లోకంలో తనొక్కరిదే పాపిష్టి చెయ్యి అనుకుంటున్నారు. ఒక్క మాట చాలు. ‘అది నీ చెయ్యి కాదమ్మా.’ నాలుగే ముక్కలు. అతని నోరు తెరుచుకుంది కూడా.

“అలాంటిదేమీ లేదు. బాగా అలిసిపోయావు. విశ్రాంతి తీసుకో,” అన్నాడు.

తన గొంతు తనకే వినిపించింది. ప్రిన్సిపాల్‌కి ఉండవలసినంత నిదానం, ఉండవలసినంత దయ. పదేళ్ళుగా సాన పెట్టిన గొంతు.

“మరి రాజీనామా?”

“రేపు ఉదయం కొలను దగ్గరికి రా. మాట్లాడదాం.”

ఆమె లేచింది. తలుపు తియ్యడానికి కుడి చేతిలో ఉన్న సంచిని ముందు నేల మీద పెట్టింది. తలుపు తెరిచి, మళ్ళీ వంగి, అదే చేత్తో సంచి తీసుకుని వెళ్ళింది.

*

ఒరవడి అని పేరు పెట్టింది డాక్టర్ తబిత. పలక మీద పంతులు రాసిచ్చిన అక్షరాన్ని పిల్లలు బలపంతో దిద్దుతారు చూడండి, అదే పని ఇదీ చేస్తుంది అని నాలుగేళ్ళ కిందట మంత్రిగారికి వివరించింది. ఒక మనిషి శరీరం పెద్ద ఆపదని ఎదుర్కొన్నప్పుడు చేసిన పనుల్ని పట్టుకుని, ఇంకో శరీరం చేత దిద్దిస్తుంది. ఆరుసార్లు కుర్చీలో కూర్చుంటే పదేళ్ళ అనుభవం ఒంటికి పట్టేస్తుంది. ప్రవాహానికి ఏటవాలుగా ఎలా ఈదాలో, మునిగేవాణ్ణి వెనకనుంచి ఎలా అందుకోవాలో బుర్రకి చెప్పక్కర్లేదు, ఒంటికే తెలిసిపోతుంది.

దిద్దించడానికి ఒక మూల ప్రతి కావాలి. పెదలంకపేట వరదలో పతకం తెచ్చుకున్న మనిషి కన్నా మంచి ప్రతి ఎక్కడ దొరుకుతుంది? జగన్నాయకులు నాలుగు రోజులు గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో, నెత్తికి తీగల టోపీతో, చేతులకి వలలాంటి తొడుగులతో పడుకుని, పదిహేడేళ్ళ కిందటి ఆ పూటని మళ్ళీ మళ్ళీ బతికాడు. చివరి రోజున తబితని పిలిచి, “ఒక నలభై సెకన్లు తీసెయ్యండి. అక్కడ నాకు స్పృహ లేదు, పనికిరాదు,” అన్నాడు. ఆమె సరేనంది.

ఇప్పుడు ప్రయోగశాలలో ఆమె తెర ముందు కూర్చుని ఉంది. ముందున్న కాఫీ మీద మీగడ కట్టింది.

“మీరే వచ్చారా సార్. నేనే వద్దామనుకుంటున్నాను. ఇది చూడండి.”

తెర మీద కిందటేడాది బ్యాచిలో ఒక విడత. ముప్ఫై కుర్చీలు, ముప్ఫై జతల చేతులు నీళ్ళ పళ్ళేల్లో. కళ్ళు మూసుకుని ఉన్నారు. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి, అందరివీ ఒకేసారి, కోలాటం ఆడుతున్నట్టు. రెండు పిడికిళ్ళూ బిగిశాయి. తబిత బొమ్మని నెమ్మది చేసింది.

ముప్ఫై ఎడమ చేతులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

“ఇది యంత్రం తడబాటు అనుకున్నానండి ఇన్నాళ్ళూ. మీరు తియ్యమన్న చోట అతుకు వేశాను కదా, ఆ అతుకు వల్లేమో అనుకున్నాను. అతుకు పడింది దృశ్యానికే. చేతుల పొర వేరు, అది తెగదు, ఒకటే పోగు. కళ్ళకి కనపడకుండా చేశానుగాని చేతులకి పోలేదు.” ఆమె మళ్ళీ వెనక్కి తిప్పింది. “నీళ్ళు రొమ్ముకి తగిలి, రెండు చేతుల్లోనూ బరువుంటే ఎడమ చెయ్యి వదిలేస్తుంది. ఆరువందల పన్నెండు మందికీ. ఏడు సందర్భాలే ఇప్పటికి వచ్చాయి. వానాకాలం ఇంకా ఉంది.”

“తుడిచెయ్యలేమా?”

“రాసినదాని మీద మళ్ళీ దిద్దితే అక్షరం ఇంకా ముదురుతుంది సార్. తుడవడానికి నా దగ్గర గుడ్డ లేదు.”

“కారణం తెలిస్తే?” జగన్నాయకులు తెర వైపే చూస్తూ అన్నాడు. “ఇది నా చెయ్యి కాదు, ఇంకొకడిది అని మనిషికి తెలిస్తే ఆ క్షణంలో ఆపుకోగలడా?”

“ఏమో. కొందరు ఆపుకోవచ్చు. అర సెకను వ్యవధి ఉంది. మాటివ్వలేను.” ఆమె కుర్చీని అతని వైపు తిప్పింది. “కాని ఏం చెప్పమంటారు వాళ్ళకి? నాకే తెలియదే. ఆ నలభై సెకన్లలో ఏం జరిగింది సార్?”

“చెప్పాను కదా తబితగారూ. స్పృహ లేదు.”

ఆమె బొమ్మని ఇంకా నెమ్మది చేసింది. చాలా నెమ్మదిగా. ముందు చిటికెన వేలు లేచింది. తరువాత ఉంగరపు వేలు. మధ్య వేలు. చూపుడు వేలు ఆఖర్న, కొంచెం ఆలోచించినట్టుగా.

“స్పృహ తప్పిన చెయ్యి ఒక్కసారిగా వడిలిపోతుంది సార్. ఒక్కో వేలూ ఇలా లెక్క పెట్టినట్టు తియ్యదు.”

బల్ల మీద ఫోన్ మోగింది. కమిషనరుగారు. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోందని, వారం తిరక్కుండా కొత్త బ్యాచి నదుల మీద ఉండాలని, సంతకం ఇంకా రాలేదేమిటని. “తొడుగులు కొత్తవి పంపిస్తున్నాం ప్రిన్సిపాల్‌గారూ, ఇక మీకేం బెంగ లేదు,” అన్నాడాయన సంతోషంగా.

తబిత అతని మొహంలోకి చూసింది. అతను “అలాగేనండి” అన్నాడు ఫోన్లో.

*

మధ్యాహ్నం క్వార్టర్సుకి వెళ్ళాడు. సుభద్ర వంకాయ, మెత్తళ్ళు కలిపి వండింది. పళ్ళెం కుడి చేతికి అందించి, మంచినీళ్ళ గ్లాసు తనే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

అదేమీ కొత్త కాదు. పదిహేడేళ్ళుగా జరుగుతున్నదే. ఇవాళ మాత్రం, ఎందుకోగాని, ఆ గ్లాసు ప్రయాణం అతనికి కనపడింది.

“గ్లాసు నా చేతికివ్వలేదేం?”

“పళ్ళెం ఉంది కదా చేతిలో.”

“రెండో చెయ్యి ఖాళీయే.”

సుభద్ర గరిటె గిన్నెలో పెట్టేసి అతని వైపు చూసింది. “ఇప్పుడెందుకా గొడవ? తినండి.”

“చెప్పు.”

“ఏం చెప్పాలి? రెండు చేతులా రెండు ఇస్తే ఎడమ చేతిలోది కింద పడుతుంది. మొదట్లో నాలుగు గ్లాసులు, మా పెద్దమ్మ ఇచ్చిన పింగాణీ జాడీ పగిలాయి. తరువాత ఇవ్వడం మానేశాను. పాప ఆర్నెల్లది అప్పటికి. మీరు దాన్ని ఎత్తుకుంటే ఇంకో చేతికి పాలసీసా కూడా తగలనిచ్చేదాన్ని కాదు. మీ వెనకాలే తిరిగేదాన్ని. మా అత్తగారు నవ్వేది, మొగుణ్ణి వదిలి ఉండలేకపోతోంది పిల్ల అని.”

అతను చేతిలో ముద్దని పళ్ళెంలో పెట్టేశాడు.

“ఎందుకలా అని నన్ను ఒక్కసారీ అడగలేదే?”

“అడిగితే చెప్పేవారా?” అంది. అందులో నిష్ఠూరం లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. జవాబు కోసం ఆగకుండా మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది.

తన శరీరం ఈ ఇంట్లో అందరి కళ్ళ ముందూ రోజుకి మూడుసార్లు సాక్ష్యం చెబుతూనే ఉందన్నమాట. విననివాడు తనొక్కడే.

*

ఆమె పేరు అతనికి తెలియదు. పెదలంకపేట ఇటుకబట్టీలో పనికి ఎక్కడినుంచో వచ్చిన మనిషి. ముప్ఫై ఐదో, నలభయ్యో. చేతినిండా ఆకుపచ్చ గాజులు. కుడి చేతిలో ఊరి బడిపంతులు, స్పృహ తప్పి బరువుగా. ఎడమ చేతిలో ఆమె మణికట్టు. ఆమెకి స్పృహ ఉంది. ఏదో భాషలో ఏదో అంటోంది, అతనికి అర్థం కాలేదు గాని, ప్రార్థన మాత్రం కాదు. దారి చెబుతున్నట్టుంది. ఎటు కాళ్ళు వెయ్యాలో చెబుతున్నట్టు.

అప్పుడు నీళ్ళు రొమ్ము మీద కొట్టాయి. అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన కొత్తది కాదన్నట్టు, ఎప్పటినుంచో లోపల కూర్చుని వేళ కోసం చూస్తున్నట్టు, చాలా మర్యాదగా వచ్చింది. ఇద్దరూ అయితే నేను పోతాను. పంతులుగారిని ఊరు వెతుకుతుంది. ఈమెని ఎవరూ వెతకరు.

చిటికెన వేలు. ఉంగరపు వేలు.

గాజు ఒకటి అతని అరచేతిలో విరిగింది. ఆ చిన్న గాటు తరువాత చాలా రోజులు మానలేదు.

ఒడ్డున ఎర్రన్న అడిగాడు. పట్టినోలెందరు? ఒకరు. తెచ్చినోలెందరు? ఒకరు. ముడి విప్పేశారు. మూడో రోజున దిగువన సరుగుడు తోటలో గుర్తు తెలియని ఆడమనిషి శవం దొరికిందని పేపర్లో రెండు వరసలు వచ్చాయి. అదే పేజీలో పైన అతని ఫొటో.

యంత్రానికి ఆలోచనలు అందవు, చేతులే అందుతాయి. అందుకే ఆ పిల్లలకి ఆలోచన లేదు. ఉత్త చెయ్యే వచ్చింది వాళ్ళకి. తను కావాలని చేసినది వాళ్ళకి తెలియకుండా జరిగింది. చేసినవాడు పదిహేడేళ్ళు కడుపునిండా తిని నిద్రపోయాడు. చెయ్యనివాళ్ళు చేతులు చున్నీల్లో దాచుకుంటున్నారు.

ఇలా అనుకుంటూ తాళ్ళ కొట్టు దాకా వచ్చేశానని అతనికి తెలియలేదు.

లోపల ఎర్రన్న కళ్ళు మూసుకుని కూర్చుని, పొడుగాటి తాడుని వేళ్ళ మధ్యనుంచి మెల్లగా జార్చుకుంటున్నాడు. పురి ఎక్కడ తెగిందో అతను చూసి కాదు, తడిమి చెబుతాడు. డెబ్బైకి దగ్గరపడ్డాడు. కేంద్రం పెట్టిన రోజునే జగన్నాయకులు అతన్ని పిలిచి ఉద్యోగం ఇచ్చాడు. కృతజ్ఞత అని అందరూ అనుకున్నారు. తనూ అలాగే అనుకున్నాడు.

“రండి బాబూ. కూకోండి. ఈ నైలాను తాడుకి పౌరుషం లేదు. మా నాన్న దినాల్లో కొబ్బరి తాడైతే తెగీముందు ఒక మాట సెప్పీది.”

జగన్నాయకులు తాళ్ళ చుట్ట మీద కూర్చున్నాడు.

“ఎర్రన్నా, పెదలంకపేటలో...”

తాడు ఆగింది. ఎర్రన్న కళ్ళు తెరవలేదు.

“ఇన్నేళ్ళకి అడిగినారా,” అన్నాడు.

“నీకు తెలుసా?”

“తాడు నా సేతిలో ఉంది కదా బాబూ. ముగ్గురి బరువు. నాకు తెల్దేటి? వల పైకి రాకముందే ఏ సేప పడిందో సెప్పీవోణ్ణి.”

“మరి నన్నెందుకు అడగలేదు?”

“అడిగేను. పట్టినోలెందరని అడిగేను. మీరు ఒకరన్నారు. ఒడ్డు మాట రెండోసారి అడక్కూడదు బాబూ. అడిగితే ఎదటోడు అబద్దమాడేడని అన్నట్టే.” మళ్ళీ తాడు కొంచెం కదిలింది, మళ్ళీ ఆగింది. “మీరే సెప్తారనుకున్నాను. ఓ పది దినాలు సూసేను. తరవాత పతకమిచ్చినారు.”

బయట విజిల్ మోగింది. పిల్లలు పరిగెత్తుతున్న చప్పుడు.

“నేను కూడా పోయేవాణ్ణి ఎర్రన్నా. ఇద్దరితో రాలేకపోయేవాణ్ణి.”

ఇది అతను అన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట. తనకి మాత్రం రోజూ చెప్పుకున్న మాట. అరిగిపోయి నున్నగా తయారైన మాట. దాని మీదే ఇన్నేళ్ళు నిలబడ్డాడు.

ఎర్రన్న కళ్ళు తెరిచాడు. అందులో కోపం ఉంటుందేమోనని అతను చూశాడు. లేదు.

“ఒడ్డుకి పది బారలే ఉంది బాబూ,” అన్నాడు మెల్లగా. “తాటి మొద్దుకి రెండు సుట్లు తిప్పీసేను. ఎనకాల మావోలు నలుగురొచ్చి పట్టుకున్నారు. ముగ్గుర్నీ లాగీసీవోలం. లాగుతున్నాం. లాగుతుండగానే తేలికైపోనాది.”

విన్న మాట లోపలికి దిగుతూనే ఉంది, కింద నేల తగలడం లేదు. ఆ పది బారల కొలత ఎర్రన్న పదిహేడేళ్ళు ఒక్కడే మోశాడు. రోజూ నమస్కారం బాబూ అంటూ మోశాడు.

చివరికి జగన్నాయకులు అడిగాడు. “ఒడ్డు మాట మార్చుకోవచ్చా?”

“ముడి విప్పీసేక మారదు.”

“మళ్ళీ ముడి వేసుకుంటే?”

ఎర్రన్న ఒళ్ళోని తాడు కేసి చూశాడు. “అలాగ ఎవులూ సెయ్యలేదు బాబూ,” అన్నాడు. తాడు మళ్ళీ అతని వేళ్ళ మధ్య నడవడం మొదలుపెట్టింది.

*

మర్నాడు పదికి ఇంకా పది నిమిషాలుంది. సంతకం కావలసిన కాగితం అతని జేబులో నాలుగు మడతలుగా ఉంది. ఆకాశం బూడిదరంగులో, గాలి లేకుండా, ఏదో ముందే తెలిసినట్టుగా ఉంది. నూట ఇరవై మంది కొలను ఒడ్డున బారులు తీరారు. కుర్చీల గది తలుపు దగ్గర తబిత నిలబడి ఉంది. వెనక గోడ పక్కన, ఎవరికీ తగలకుండా, రోహిణి.

చెప్పి ఏం లాభం? దారిలో వస్తూ ఇదే అనుకున్నాడు. చచ్చిన ఏడుగురు తిరిగి రారు, ఎనిమిదో మనిషి అసలే రాదు. ఆరువందల పన్నెండు మందినీ నదుల మీదనుంచి తీసేస్తే వచ్చే తుపానుకి ఊళ్ళకి దిక్కు లేదు. తియ్యకపోతే ఆరువందల పన్నెండు ఎడమ చేతులు. వాళ్ళకి నిజం తెలిస్తే కొందరు ఆపుకోవచ్చు. ఎందరు? తబితకి తెలియదు. ఎవరికీ తెలియదు. ఇంకో అయిదేళ్ళ తరువాత ఎవరైనా లెక్క తీస్తే తెలుస్తుందేమో, పోయినవాళ్ళని బట్టి. సుభద్రకి ఏం చెప్పాలి? ఏమీ అక్కర్లేదు, ఆమెకి గ్లాసుల నుంచే తెలుసు. పాపకి? ఆ పేరు తెలియని మనిషి కోసం ఏ ఊళ్ళో ఎవరు ఎదురుచూశారో వాళ్ళకి? ఏ మాటా ఎక్కడికీ చేరదు. నోరు విప్పినా ఇంతే, విప్పకపోయినా ఇంతే. ఆ ‘ఇంతే’లో కూడా ఒక సుఖం ఉందని అతనికి తెలుసు. దాన్ని కూడా అతను నమ్మలేదు.

ఇప్పటికీ నిర్ణయించుకోలేదు. కాళ్ళు మాత్రం కొలను మెట్ల దగ్గరికి వెళ్ళాయి.

ఎర్రన్న చేతిలో తాడు చుట్ట ఉంది. జగన్నాయకులు దాని కొస అందుకున్నాడు. చొక్కా మీదనుంచే నడుముకి తిప్పి ముడి వేశాడు. ప్రిన్సిపాల్‌గారు స్వయంగా చేసి చూపిస్తున్నారనుకుని కొత్త బ్యాచి చప్పట్లు కొట్టింది. “సార్, ఫోను జేబులో ఉందేమో చూసుకోండి!” అని వెనకనుంచి ఎవడో అరిచాడు. నవ్వులు.

మెట్లు దిగాడు. నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి, రొమ్ముకి వచ్చాయి. రొమ్ముకి తగలగానే, బరువేమీ లేకపోయినా, ఎడమ చెయ్యి దానంతటది తెరుచుకుంది. ఖాళీ చెయ్యి. చూశాడు. అరచేతిలో గాటు మచ్చ నీళ్ళలో తెల్లగా కనపడింది. కాసేపు అలాగే నిలబడ్డాడు. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

తిరిగి మెట్లెక్కి వచ్చాడు. బట్టలనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎర్రన్న ముందు నిలబడ్డాడు. ముడి విప్పలేదు.

ఎర్రన్న తాడుని మణికట్టుకి ఒక చుట్టు తిప్పుకున్నాడు, అటువైపు ఇంకా బరువు ఉన్నట్టు. గొంతు సవరించుకున్నాడు.

“పట్టినోలెందరు?”

గోడ పక్కన రోహిణి తలెత్తింది.

జగన్నాయకులు నోరు తెరిచాడు. పదేళ్ళ గొంతు రాలేదు. దాని వెనక ఎక్కడో పాతది, రొప్పుతున్నది, ఒకటి ఉంది. అది వచ్చేదాకా ఆగాడు.

“ఇద్దరు,” అన్నాడు.